అద్దాల పెట్టెలో ఏ పాము ఉండాలి?

పట్నాల్లో కొందరికి కొత్త సరదా ఒకటి పట్టుకుంది. అద్దాల పెట్టెలో పామును ఉంచి, ఇంటికొచ్చిన వారికి చూపి ముచ్చటపడుతున్నారు. ఆఫ్రికా పాము బాల్ పైథాన్, అమెరికా పాము కార్న్ స్నేక్ ఈ సరదాకు పేరుమోసినవి. రెండూ విషం లేనివి, నెమ్మదైనవి. సెల్‌ఫోన్లో వీటిని చూసిన మన పల్లెల కుర్రకారు కూడా, పెంచుకోవడానికి ఏ పామైతే బాగుంటుందని అడుగుతున్నారు.

ఇంట్లో పెట్టె సంగతి చట్టం ఎప్పుడో తేల్చేసింది. నలుగురూ చూసే పెట్టెలో, అంటే జంతు ప్రదర్శనశాలల్లో, ఏ పాములుండాలన్నదే మనం ఆలోచించవలసిన విషయం. పొలం గట్ల మీద బతికే రైతు కూలీలకు ఇది వినోదం కాదు, ప్రాణాలతో ముడిపడిన సంగతి.

ఇంట్లో పెంపకం తగదు

మన దేశపు పాములకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించింది. 2022లో ఆ చట్టాన్ని సవరించారు. నాగుపామే కాదు, విషం లేని జెర్రిపోతును పట్టి ఇంట్లో ఉంచినా నేరమే. రెండు తలల పాము ఇంట ఉంటే సిరి కలిసొస్తుందని నమ్మించి లక్షలకు బేరాలాడే దళారులున్నారు. ఆ పాముకున్నది ఒక్కటే తల. తోక మొద్దుగా ఉండటంతో అది కూడా తలలా కనబడుతుంది, అంతే. ఆ బేరంలో దిగినవారికి సిరి మాట దేవుడెరుగు, జైలు ఖాయం.

చట్టం మాట అలా ఉంచినా, పామును పోషించడం అందరికీ చేతనయ్యే పని కాదు. పాము పాలు తాగి బతికే జీవి కాదు. దానికి ఎలుకో కప్పో కావాలి. పెట్టెలో ఒక పక్క వెచ్చదనం, మరో పక్క చల్లదనం, దాక్కోవడానికి చీకటి ఉండాలి. అవి లేకపోతే మేత మాని, చిక్కి శల్యమై చచ్చిపోతుంది. పాములవాడి బుట్టలో కోరలు పీకించుకున్న నాగుపాముకు పట్టేదీ ఆ గతే.

ఏవి చూపాలి?

హైదరాబాదులో 1963 నుంచి నెహ్రూ జంతు ప్రదర్శనశాల ఉంది. ఆ తర్వాత విశాఖపట్నంలోనూ, తిరుపతిలోనూ ఇలాంటివి వెలిశాయి. ప్రదర్శనలో పాములంటే జనం ముందుగా అడిగేది కొండచిలువనూ, రాచనాగునూ. పెద్దవి కనుక చూడ ముచ్చటగానే ఉంటాయి. కాని మన జిల్లా రైతుకు వరిచేలో రాచనాగు ఎదురుపడదు. ఎదురుపడేది రక్తపింజర. పడుకున్న చాప మీదికి వచ్చేది కట్లపాము. కనుక ప్రదర్శనలో ముందు వరుస మన గట్టు మీది పాములకే దక్కాలి.

ఎందుకంటే 2000 నుంచి 2019 వరకు మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం తేల్చింది. సగటున ఏటా 58 వేల మంది! వారిలో అత్యధికులు పల్లెవాసులు. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపు, అంటే దుక్కులు, నాట్లు సాగే రోజుల్లో సంభవించినవే. 2018 వర్షాకాలంలో దివిసీమ గ్రామాల్లో పాముకాట్లు పెచ్చుపెరిగి జనం ఎంత భీతిల్లారో మనం మరువలేదు.

అయితే విషపు పామును ఒంటరిగా చూపితే చాలదు. దాన్ని పోలిన పాము పక్క పెట్టెలోనే ఉండాలి. తాడును చూసి పామనుకుంటే పోయేది కాస్త ధైర్యమే. పింజరను చూసి కొండచిలువ పిల్ల అనుకుంటే పోయేది ప్రాణం. రక్తపింజర వీపు మీద గొలుసు పేర్చినట్లు మూడు వరుసల మచ్చలుంటాయి. కొండచిలువ మచ్చలకు అటువంటి వరుస లేదు, చిందర వందరగా ఉంటాయి. రెండింటినీ పక్కపక్కన చూసిన పిల్లవాడు జన్మలో మరచిపోడు.

కట్లపాము పక్కన, గోడలెక్కి బల్లులను తినే విషం లేని చిన్న చారల పామును పెట్టాలి. కట్లపాము నల్లగా నిగనిగలాడుతుంది. సన్నని తెల్ల కట్లు మెడ దగ్గర మసకగా ఉండి తోకవైపు పోయేకొద్దీ స్పష్టమవుతాయి. రెండోదానిది గోధుమ రంగు. దాని పట్టీలు మెడ దగ్గర స్పష్టంగా ఉండి తోకవైపు మాసిపోతాయి. నాగుపాము పక్కన జెర్రిపోతును పెట్టాలి. జెర్రిపోతుకు పడగ లేదు, విషమూ లేదు. పొలంలో ఎలుకలను తిని ధాన్యం కాపాడే ఈ పామును తాచనుకుని ఏటా ఎన్నింటిని కొట్టి చంపుతున్నామో లెక్కే లేదు. మెట్ట ప్రాంతాల వారి కోసం, ఒళ్లు రాసుకుని గరగరమని చప్పుడు చేసే చిన్న పింజరనూ చేర్చాలి.

గడ్డి వేసి చూపాలి

పెట్టె అలంకరణలోనూ పాఠముండాలి. తెల్ల ఇసుక పోసి, దీపం పెట్టి రక్తపింజరను చూపితే ఎవరికైనా కనబడుతుంది. పొలంలో అలా కనబడదే! పెట్టెలో ఎండుగడ్డీ, వరి మోళ్లూ వేయాలి. చూడవచ్చినవాడు రెండు నిమిషాలు వెతుక్కుని, “అమ్మో, ఇక్కడే ఉందే” అనాలి. పింజర కదలకుండా పడి ఉంటుంది, పాదం పడేదాకా మనిషికి తెలియదు. ఆ సంగతి నూరు ఉపన్యాసాల కన్నా ఆ గడ్డి బాగా చెబుతుంది. కట్లపాము పగలు దాక్కుని రాత్రి తిరిగేది. దాని గదిని పగలు చీకటి చేసి, మసక వెలుతురులో చూపాలి. ప్రతి పెట్టె మీద తెలుగులో, ఊళ్లలో పిలిచే పేరుతో పెద్ద అక్షరాల బోర్డు ఉండాలి.

కరిస్తే వేసే విరుగుడు మందు ఈ నాలుగు విషపు పాములకూ ఒక్కటే గదా, ఇక గుర్తుపట్టి లాభమేమని కొందరడగవచ్చు. నిజమే. అందుకే కరిచిన పామును చంపి ఆసుపత్రికి మోసుకెళ్లనక్కర లేదు. కాని కరవక ముందు పామును గుర్తించడం వేరు. పింజరను ఎరిగినవాడు చెయ్యి పెట్టడు. కట్లపామును ఎరిగినవాడు, అది కరిస్తే నొప్పీ వాపూ అంతగా ఉండవని, తెల్లవారేలోగా కనురెప్పలు వాలి ఊపిరి ఆగవచ్చని తెలుసుకుని, చీమ కుట్టిందిలే అని పడుకోడు. జెర్రిపోతును ఎరిగినవాడు దాని దారిన దాన్ని పోనిస్తాడు.

దారి చూపినవారున్నారు

మద్రాసులో రోములస్ విటేకర్ నెలకొల్పిన పాముల పార్కు 1972 నుంచి గిండీలో నడుస్తోంది. ఆ నగరానికి చేరువలో వడనెమ్మేలి వద్ద ఇరుల గిరిజనుల సహకార సంఘం 1978లో ఏర్పడింది. ఒకప్పుడు తోళ్ల కోసం పాములను పట్టినవారే లైసెన్సుతో ఈ నాలుగు రకాలనూ పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషం నుంచే విరుగుడు మందు తయారవుతుంది. సందర్శకులకు కూడా అక్కడ పాములను చూపుతారు. సంప్రదాయ విద్యకూ, కూడుకూ, ప్రాణరక్షణకూ ఒకే చోట ముడి పడిందక్కడ.

ప్రతి ఊళ్లో పాముల శాల పెట్టమని ఎవరూ కోరడం లేదు. కేంద్ర జంతు ప్రదర్శనశాలల సంస్థ అనుమతి లేనిదే అది కుదరదు కూడా. ఉన్న ప్రదర్శనశాలల్లో పైన చెప్పిన జతలను చూపాలి. వేసవి ముగిసేలోగా పాఠశాలల పిల్లలను అక్కడికి తీసుకెళ్లే ఏర్పాటు జరగాలి. అంత దూరం పోలేని పల్లెల కోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, పంచాయతీ కార్యాలయాల్లో ఇవే జతల రంగు బొమ్మలు గోడకెక్కాలి. కాటు వేస్తే కట్టు బిగించవద్దు, గాయం కోయవద్దు, మంత్రగాడి గడప తొక్కవద్దు, కదలనీయక 108లో ఆసుపత్రికి చేర్చండి అన్న నాలుగు మాటలు బొమ్మల కిందే ఉండాలి.

పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కేంద్ర ప్రభుత్వం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. కాగితం మీది ఆ మాట మన చేలగట్ల దాకా రావాలంటే మందు సీసాలతో పాటు ఈ ఎరుక కూడా రావాలి. నాట్లు మొదలు కాకముందే జిల్లా అధికారులు ఈ విషయమై దృష్టి సారించాలి.