ఏ ఇంటర్నెట్ కంపెనీని ఎన్నుకొనవలెను?

తమిళనాడు ప్రభుత్వము 2011లో ప్రారంభించిన పథకము క్రింద విద్యార్థుల కిచ్చిన లాప్‌టాప్‌లలో విండోసుతోబాటు ‘బాస్’ అను ఆపరేటింగ్ సిస్టము కూడ చేరియుండెను. ఇది లినక్సుపై సీడాక్ సంస్థ నిర్మించినది. దీని మూలరచన యెల్లరకు తెరచి యుంచబడినది, వెల లేదు, తెలుగుతో సహా పెక్కు భారతీయ భాషలలో పనిచేయును. పరభాషా ప్రాంతమున తెలుగు చదువుకొను మన బిడ్డలకు ఇది అల్పమైన మేలు కాదు.

ఐనను, ఇంటికి ఇంటర్నెట్ పెట్టవచ్చిన కంపెనీ మనిషి “మీది విండోసు కాదే! మాకు తెలియదు” అన్నంతనే కొందరు తలిదండ్రులు అధైర్యపడి కంప్యూటరునే మార్చ బూనుచున్నారు. మార్చవలసినది కంప్యూటరు కాదు, కంపెనీ అని మా యభిప్రాయము.

ఏలయన, ఇంటర్నెట్ నియమములు ఏ ఒక్క ఆపరేటింగ్ సిస్టము సొత్తును కావు. కంపెనీ తీగ మన యింటి రౌటరు వరకు వచ్చును. ఖాతా పేరును, పాస్‌వర్డును రౌటరులోనే ఉంచినచో అదియే కంపెనీతో మాటలాడును. కంప్యూటరు కేబులు ద్వారానో వైఫై ద్వారానో రౌటరును చేరిన చాలును. అట్టి కనెక్షను లినక్సుకు, విండోసుకు, చేతి ఫోనుకు సమానమే.

కనుక డబ్బు కట్టకముందే మూడు ప్రశ్నలు అడుగవలెను. మొదటిది: లాగిన్ రౌటరులోనే జరుగునా, లేక కంప్యూటరులో మీ ప్రోగ్రాము వేయవలెనా? విండోసుకు మాత్రమే తయారైన ప్రోగ్రామును నిర్బంధించు కంపెనీ మనకు వలదు. డాంగిలు కొనువారు దానిని తమ కంప్యూటరుకు తగిలించి చూచి మరీ కొనవలెను. రెండవది: నెలకు ఎన్ని జీబీల తరువాత వేగము తగ్గును? ఉబుంటు 24.04 ప్రతి ఒక్కటే 5 జీబీలకు మించును. దినమునకు 2 జీబీల ఫోను ప్లానుతో అది ఒక్కనాట దిగదు. మూడవది: లైను ఆగినపుడు రౌటరును పరీక్షింతురా, లేక విండోసు తెరువుమని చెప్పి ఊరకుందురా?

లినక్సు వాడువారు కొద్దిమంది, వారికొరకు కంపెనీవా రేల శ్రమపడవలెనని కొందరందురు. మేము కోరునది లినక్సు నేర్పుమని కాదు. అడ్డు పెట్టవలదని మాత్రమే. సంఖ్య కొద్దియైనంత మాత్రమున హక్కు కొద్ది కాదని మన భాష విషయమున మన మెరుగుదుము. భాషా అల్పసంఖ్యాక వర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350ఏ అధికరణము చెప్పుచున్నది. ఐనను తలిదండ్రులు అడిగినచోటనే బడి నిలుచుచున్నది. ఇంటర్నెట్ విషయమునను అడుగవలసినవారు మీరే. పై మూడు ప్రశ్నలను మీ పిల్లలచేతనే అడిగింపుడు. వారికిని అడుగుట అలవడును.