సగటు చాలదు, ఐదంకెలూ చూపించండి

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల తల్లిదండ్రులకు, లెక్కల టీచర్లకు, ప్రధానోపాధ్యాయులకు విజ్ఞప్తి

పదో తరగతి ఫలితాలు రాగానే మన ఊళ్ళలో రెండే అంకెలు తిరుగుతాయి. ఒకటి ఫ్లెక్సీల మీది అంకె, 600కి ఫలానా మార్కులని. రెండోది పాస్ శాతం. రాష్ట్రంలో 2024లో 86.69 శాతం, 2025లో 81.14 శాతం పాసయ్యారు. ఆ పాసైనవాళ్ళలో 35 దగ్గర గట్టెక్కినవాళ్ళెందరో, నిబ్బరంగా దాటినవాళ్ళెందరో ఈ అంకె చెప్పదు. ఫ్లెక్సీ మీది పిల్లకు ఎన్నొచ్చాయో ఊరందరికీ తెలుసు. మిగతా తరగతి సంగతి ఎవరికీ తెలియదు.

స్కూలు లోపల చెప్పుకునే అంకె సగటు. అదెంతవరకు నమ్మదగ్గదో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. రెండు సెక్షన్లు, ఒక్కోదానిలో 15 మంది. ఒకే లెక్కల పేపరు. మార్కులను చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా రాశాం.

ఎ సెక్షన్: 18, 22, 26, 30, 34, 38, 42, 46, 62, 72, 78, 88, 92, 95, 97
బి సెక్షన్: 38, 42, 44, 48, 50, 52, 54, 56, 57, 58, 60, 64, 67, 72, 78

కూడి చూడండి. రెండింటి మొత్తమూ 840, సగటు 56. సగటు చూసినవారు రెండు సెక్షన్లూ సమానమంటారు. ఫస్టు మార్కు చూసినవారు ఎ సెక్షనే గొప్పదంటారు. కానీ ఎ సెక్షన్లో ఐదుగురు ఫెయిలయ్యారు, బి సెక్షన్లో ఒక్కరూ ఫెయిల్ కాలేదు.

ఇప్పుడు ఐదంకెలు తీద్దాం. అన్నిటికన్నా చిన్న మార్కు, అన్నిటికన్నా పెద్ద మార్కు, వరసలో నట్టనడుమ ఉన్న ఎనిమిదో మార్కు, అంటే మధ్యగతం. ఆ మధ్యగతానికి కింది ఏడుగురిలో నడిమి మార్కు మొదటి చతుర్థాంశం, పై ఏడుగురిలో నడిమిది మూడో చతుర్థాంశం.

ఎ సెక్షన్: 18 – 30 – 46 – 88 – 97
బి సెక్షన్: 38 – 48 – 56 – 64 – 78

అడ్డంగా 0 నుంచి 100 వరకు స్కేలు గీసి, ఎ సెక్షన్‌కు 30 నుంచి 88 దాకా ఒక పెట్టె వేయండి. 46 దగ్గర పెట్టెలో నిలువు గీత పెట్టండి. పెట్టెకు ఎడమపక్క 18 దాకా, కుడిపక్క 97 దాకా ఒక్కో మీసం లాగండి. దాని కిందే, అదే స్కేలు మీద బి సెక్షన్ గీయండి. దీనినే బాక్స్ ప్లాట్ అంటారు. అమెరికా గణాంక శాస్త్రవేత్త జాన్ టుకీ దీనిని వాడుకలోకి తెచ్చాడు, 1977లో పుస్తకంలో వివరంగా రాశాడు. కాగితం, పెన్సిలు ఉంటే చాలు. అమెరికాలో చాలా రాష్ట్రాల బడుల్లో దీనిని ఆరో తరగతిలోనే నేర్పుతున్నారు. మన దగ్గర్నుంచి అక్కడికి వెళ్ళి స్థిరపడినవాళ్ళ పిల్లలు గీస్తున్న బొమ్మ ఇది. మన పదో తరగతి లెక్కల పుస్తకం మాత్రం సగటు, మధ్యగతం, బాహుళకం దగ్గరే ఆగిపోతుంది.

చదివే పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే పెద్దలూ పొరపడతారు. పెట్టె పొడుగ్గా ఉంటే అందులో పిల్లలు ఎక్కువున్నట్టు కాదు. మీసమైనా, పెట్టెలో గీతకు అటూ ఇటూ ఉన్న ముక్కలైనా, ఒక్కో భాగంలో ఉండేది సుమారు పావు వంతు పిల్లలే. భాగం పొడుగైతే ఆ పావు వంతు మార్కులు చెదిరి ఉన్నాయని అర్థం, పొట్టిదైతే దగ్గరదగ్గరగా ఉన్నాయని అర్థం. రెండు బొమ్మలు పోల్చేటప్పుడు ముందు నడిమి గీతలు చూడాలి: 46, 56. తర్వాత పెట్టెల పొడవులు: 58, 16. ఇక ఆ తేడాను మామూలు మాటల్లో చెప్పాలి: "బి సెక్షన్ పిల్లలంతా దాదాపు కలిసి నడుస్తున్నారు, ఎ సెక్షన్లో సగం మంది 46 దాటలేదు."

ఈ బొమ్మకూ లోపముంది. ఎ సెక్షన్లో 46కూ 62కూ మధ్య ఎవరూ లేరు. తరగతి రెండు గుంపులుగా చీలింది. ఆ ఖాళీని పెట్టె దాచేస్తుంది. అందుకని ఒక్కో మార్కుకూ ఒక్కో చుక్క పెట్టి, ఆ చుక్కల వరసను కూడా పక్కనే చూపించాలి.

ఈ చూపు మనకు కొత్తేం కాదు. దుగ్గిరాల పసుపు యార్డుకు సరుకు తీసుకెళ్ళే రైతు గరిష్ఠ ధర ఒక్కటే విని ఆశ పడడు. కనిష్ఠం ఎంత, ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందని అడుగుతాడు. తన పిల్ల చదువు దగ్గరికొచ్చేసరికి ఆ రైతుకే మనం గరిష్ఠం ఒక్కటే వినిపిస్తున్నాం.

"సిలబస్‌లో లేదు, పరీక్షలో రాదు, టైమెక్కడుంది?" అని టీచర్లు అడగొచ్చు. మధ్యగతం సిలబస్‌లో ఉంది. వరసను రెండు సగాలు చేసి అదే పని మరో రెండుసార్లు చేయడమే ఇందులో కొత్త. మూడు పీరియడ్లు చాలు. లెక్కలకు సరుకు కూడా ఇక్కడే ఉంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి ఒక్క ఏడాది చేరితే డిసెంబరు వానల సగటు పైకి లేస్తుంది, మధ్యగతం మాత్రం పెద్దగా కదలదు. సగటుకూ మధ్యగతానికీ తేడా బాపట్ల పిల్లవాడికి ఇంతకన్నా బాగా ఎలా చెబుతాం?

మేము కోరేవి ఇవి:

1. ప్రతి యూనిట్ పరీక్ష తర్వాత సబ్జెక్టువారీగా, సెక్షన్‌వారీగా ఐదంకెలూ, బాక్స్ ప్లాటూ నోటీసు బోర్డు మీద పెట్టాలి. పేర్లు వద్దు. పిల్లలు బాగా తక్కువున్న తరగతిలో కనిష్ఠ మార్కు ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది కనుక అక్కడ బోర్డు మీద పెట్టకుండా టీచర్ల దగ్గరే ఉంచాలి.

2. తొమ్మిది, పది తరగతుల్లో బాక్స్ ప్లాట్‌కు మూడు పీరియడ్లు కేటాయించాలి. పిల్లలు తమ మార్కులతో, వాన లెక్కలతో, యార్డు ధరలతో స్వయంగా గీయాలి.

3. గుంటూరు, బాపట్ల జిల్లాల విద్యాశాఖాధికారులు పాస్ శాతంతోపాటు మండలాలవారీగా ఐదంకెలు ప్రకటించాలి. తెనాలి గుంటూరు జిల్లాలోనూ, రేపల్లె 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోనూ ఉన్నాయి కనుక ఇద్దరు అధికారులూ ఒకే పద్ధతి పాటించాలి.

4. ఈ బొమ్మలతో బడులకు ర్యాంకులు కట్టకూడదు. వేర్వేరు పేపర్ల మార్కులను పోల్చకూడదు. కింది పావు వంతుకు సాయంత్రం క్లాసులు ఎక్కడ అవసరమో తేల్చుకోవడానికే వీటిని వాడాలి.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగినప్పుడు ముఖ్యమంత్రి వచ్చింది బాపట్ల మున్సిపల్ హైస్కూలుకే. అలాంటి మీటింగు మీ బడిలో ఈసారి జరిగినప్పుడు "మా వాడికెన్ని వచ్చాయి?" అని అడిగాక ఇంకో ప్రశ్న కూడా అడగండి: "తరగతిలో నడిమి మార్కెంత? కింది పావు వంతు ఎక్కడ ఆగింది?" జవాబు లేకపోతే, వచ్చే పరీక్షకు సిద్ధం చేయమని స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ తీర్మానం పుస్తకంలో రాయించండి.

ఇట్లు
తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల తల్లిదండ్రులు, లెక్కల టీచర్లు