గుహ పైన నిలబడేదెవరు?

 కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మొన్న ఆదివారం తాడేపల్లిగూడెంలో మా హాస్టల్ రూమోళ్లం ఆరుగురం ఒకే ఫోన్లో ‘మంజుమ్మల్ బాయ్స్’ తెలుగు డబ్బింగ్ చూశాం. మీలో చాలామంది చూసే ఉంటారు. కొచ్చి పక్కన మంజుమ్మల్ అనే ఊరి కుర్రాళ్లు కొడైకెనాల్ టూర్‌కి వెళ్తే, గుణ గుహల్లో ఒకడు లోతైన గొయ్యిలో పడిపోతాడు. 2006లో నిజంగా జరిగిన కథ. సినిమా అయ్యాక మావాళ్లందరూ తాడు కట్టుకుని లోపలికి దిగిన కుట్టన్ గురించే మాట్లాడారు. "ఫ్రెండ్ అంటే ఆడేరా" అన్నారు. నిజమే. కానీ నాకు మాత్రం పైన మిగిలినవాళ్లే ఎక్కువ గుర్తుండిపోయారు.

ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అందులో పడినవాడు బతకడని ఊళ్లోవాళ్లు తేల్చేశారు. పోలీస్ స్టేషన్‌కి పరుగెత్తితే కుర్రాళ్లనే అనుమానించి కొట్టారు. వాన మొదలైతే నీళ్లు గొయ్యిలోకి పోకుండా వాళ్లే అడ్డంగా పడుకున్నారు. లోపలున్నవాడి పేరు పెట్టి అరుస్తూనే ఉన్నారు. వాళ్లు ఇంటికి వెళ్లిపోయి ఉంటే తాడూ వచ్చేది కాదు, కుట్టన్ దిగేవాడూ కాదు.

ఆ సినిమా కేరళలో రిలీజైంది 2024 ఫిబ్రవరి 22న. సరిగ్గా ఏడాదికి, 2025 ఫిబ్రవరి 22న, నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలింది. నల్లమల కొండ కింద దాదాపు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వాళ్లలో నలుగురు కూలీలు జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లావాళ్లు. గుమ్లా అంటే ఆదివాసులు ఎక్కువగా ఉండే జిల్లా. ఆర్మీ, ఎన్డీఆర్ఎఫ్, సింగరేణి వాళ్లు, ర్యాట్ మైనర్లు అందరూ వచ్చారు. మార్చి 9న ఒక మృతదేహం, మార్చి 25న ఇంకొకటి దొరికాయి. ఏప్రిల్ చివరికి మిగతా ఆరుగురి కోసం వెతకడం ఆపేశారు.

అక్కడ పైన ఎంతమంది నిలబడినా వాళ్లు బతికేవాళ్లని నేను అనట్లేదు. అంత బురద, అంత నీరు. వెతికినవాళ్లు ప్రాణాలకు తెగించే వెతికారు. నేను అడిగేది వేరే. ఆ నలుగురి ఇంటివాళ్లు ఎక్కడో గుమ్లాలో ఉన్నారు. భాష రాని చోటు, తెలిసిన మనిషి లేని చోటు. సొరంగం నోటి దగ్గర నిలబడి "మావాడేడి?" అని అడగాలన్నా రైలెక్కి రావాలి.

ఉత్తరాఖండ్‌లో 2023 నవంబర్ 12న సిల్క్యారా సొరంగం కూలినప్పుడు 41 మంది లోపల ఇరుక్కున్నారు. రాష్ట్రాలవారీగా చూస్తే అన్నిటికంటే ఎక్కువమంది జార్ఖండ్ వాళ్లే. పెద్ద మిషన్ విరిగిపోతే, చివరి పది పన్నెండు మీటర్లు చేతులతో తవ్వినవాళ్లు ర్యాట్ మైనర్లు. వాళ్లూ పేద కూలీలే. 17వ రోజున అందరూ ప్రాణాలతో బయటికొచ్చారు. లోపల కూలీలే, తవ్విందీ కూలీలే.

థాయ్‌లాండ్ గుహ మీద ‘థర్టీన్ లైవ్స్’ అని 2022లో సినిమా వచ్చింది. 2018లో 12 మంది ఫుట్‌బాల్ పిల్లలు, వాళ్ల కోచ్ వరద నీటితో గుహలో చిక్కుకున్నారు. వాళ్లలో ముగ్గురు పిల్లలకీ, కోచ్‌కీ అప్పటికి ఏ దేశ పౌరసత్వమూ లేదు. బ్రిటిష్ డైవర్లు చీకట్లో వాళ్లని కనిపెట్టినప్పుడు ఇంగ్లిష్‌లో జవాబు చెప్పింది ఆ ముగ్గురిలో ఒకడే. పద్నాలుగేళ్ల కుర్రాడు. కార్డు లేని పిల్లాడే అందరి తరపునా మాట్లాడాడు. బయటికొచ్చాక, ఆగస్టులో వాళ్లకి పౌరసత్వం ఇచ్చారు. నాకు సంతోషమే, కానీ కోపం కూడా వస్తుంది. మనిషిగా లెక్కలోకి రావడానికి ముందు గుహలో ఇరుక్కోవాలా?

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా అత్త కొడుకు వచ్చే నెల సొరంగం పనికి వెళ్తున్నాడు. "ఎక్కడ బావా?" అంటే "అటు, హిమాలయాల వైపంట" అన్నాడు. కంపెనీ పేరు తెలీదు. మేస్త్రీ పూర్తి పేరు తెలీదు. ఒక ఫోన్ నంబరు ఉంది, అది కూడా ఒక్కోసారి కలవదు. వెళ్లొద్దని చెప్పే మొహం నాకు లేదు. నా పుస్తకాలకి పోయినేడు డబ్బులిచ్చింది ఆయనే.

1979లో వచ్చి, 2025 వరకు అమల్లో ఉన్న అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టంలోనే రాశారు: కూలీకి ఫొటో ఉన్న పాస్‌బుక్ ఇవ్వాలని, ప్రమాదంలో చనిపోయినా పెద్ద దెబ్బ తగిలినా రెండు రాష్ట్రాల అధికారులకీ, ఇంటివాళ్లకీ కాంట్రాక్టర్ తెలపాలని. నేను మా ఊళ్లో అడిగాను. పాస్‌బుక్ అంటే అందరూ బ్యాంకుదే చూపించారు.

మనలో చాలామందిమి ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లం. ఫారం నింపడం, దరఖాస్తు రాయడం, కాల్ చేసి గట్టిగా అడగడం మనకి వచ్చు. ఆ కుర్రాడికి ఇంగ్లిష్ వచ్చినట్టు. అందుకే నా అభిప్రాయం ఇదీ: కుట్టన్‌లా దిగడం అందరి వల్లా కాదు, పైన నిలబడటం మాత్రం మన వల్ల అవుతుంది. మీ ఊరి నుంచి పనికి పోయే ప్రతి ఒక్కరి దగ్గరా నాలుగు సంగతులు రాసి పెట్టుకోండి. ఏ ఊరు, ఏ కంపెనీ, మేస్త్రీ పూర్తి పేరు, పక్కన పనిచేసే ఇద్దరి ఫోన్ నంబర్లు. వారానికొకసారి ఫోన్ చేయండి. నీళ్లు ఊరుతున్నాయనో, పైనుంచి రాళ్లు రాలుతున్నాయనో చెబితే, పని మానేసి రమ్మని చెప్పే ధైర్యం మనం ఇవ్వాలి.

బావ వివరాలు రాయడానికి నోట్‌బుక్ తెరిచాను. నాలుగింట్లో ఇప్పటికి ఒక్కటీ పూర్తిగా నిండలేదు. ఆయన రైలెక్కే లోపు నింపుతాను. మీరూ మొదలుపెట్టండి.

జై ఆదివాసీ.