మూడు తాళాల వరి

పిల్లలూ! గోలేటిలో నేల అడుగున బొగ్గు వున్నదో లేదో పైనుంచి చూసి చెప్పలేము. బోరు వేసి, పైకి తీసిన రాతిని పరీక్షించాలి. వరిమొక్క లోపలి గుణాలూ అటువంటివే.

1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి గింజ సన్నం, అన్నం రుచి. కాని దానికి ఆకు ఎండు తెగులు సోకుతుంది. బాక్టీరియా ఆకులో చేరితే, ఆకు కొననుంచి అంచుల వెంట పసుపుబారి ఎండిపోతుంది. మందు చల్లినా ఈ తెగులు సరిగా లొంగదు.

గుణాలను తరతరానికీ మోసేవి జన్యువులు. తెగులును ఆపే మూడు జన్యువులున్న వేరొక వరితో సాంబ మసూరిని హైదరాబాదు శాస్త్రజ్ఞులు సంకరం చేశారు. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికా అడవివరిది. పుట్టిన మొక్కలను మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలిపారు. లేకపోతే ఆ రుచి పోతుంది.

మరి మూడు జన్యువులూ వచ్చిన మొక్క ఏది? బలమైనది ఒకటి వున్నా మొక్క తెగులుకు నిలుస్తుంది. మిగతా రెండూ వున్నదీ లేనిదీ కంటికి తెలియదు. అందుకని ప్రతి తరంలోనూ చిన్న ఆకుముక్క తీసి, దాని డి.ఎన్.ఎ.లో ఆ జన్యువులను పట్టి ఇచ్చే గుర్తులను వెదికారు. గుర్తులున్న మొక్కలనే ముందుకు పెంచారు.

మూడెందుకంటారా? దొంగ ఒక తాళం తీసినా, ఇంకా రెండు వుండాలి కదా!

సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంస్థ కలిసి చేసిన ఈ మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఈసారి పొలానికి వెళితే వరి ఆకు కొనలు చూడండి. ఎండి వుంటే, అది ఏ రకమో రైతును అడగండి.