సీమ యెండయు బాలుర చూపును

అనంతపుర ప్రాంతమున ఎండ యనగా కఱవునకు మాఱుపేరు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటరుల వర్షము మాత్రమే కురియు ఈ పీఠభూమిలో, వేరుసెనగ పైరును మాడ్చు సూర్యుని రైతు దూషించుట సహజము. కాని ఆ వెలుతురే బాలుర కన్నులకు రక్షయని నేటి శాస్త్రము చెప్పుచున్నది. మన బిడ్డలు దానికి దూరమగుచున్న ఈ సమయమున ఈ విషయము గృహస్థులెల్లరు ఆలోచింపదగినది.

పుట్టిన శిశువు కనుగ్రుడ్డు పొడవు సుమారు 17 మిల్లీమీటరులు. పెద్దవారికి సుమారు 24. ఈ పెరుగుదల మితము తప్పినచో దూరవస్తువుల రూపము కంటి లోపలి పొరకు ముందే ఏర్పడి మసకగా కనబడును. దీనినే హ్రస్వదృష్టి యందురు. సాగిన కన్ను మఱల కుఱుచ గాదు. సాధారణ సులోచనములు చూపును సరిచేయునే గాని సాగుటను ఆపవు. దోషము మిక్కిలి ముదిరినచో పెద్దవయసున లోపలి పొర ఊడి చూపే పోవు ప్రమాదము హెచ్చును.

ఇది వంశమువలన మాత్రమే వచ్చునని కొందఱందురు. వంశమునకు పాలు గలదు. కాని వంశము ఒక్క తరములో మాఱదు. తూర్పాసియా నగరములలో చదువు ముగించు యువకులలో నూటికి 80 మందికి పైగా ఈ దోషము గలవారే. 2002లో ప్రకటింపబడిన పరిశోధనలలో, మనవలెనే మెట్ట ప్రాంతమైన మహబూబునగరు పల్లెల పిల్లలలో ఇది నూటికి 4. ఢిల్లీ నగరమున 7. దగ్గఱి చూపు పనియు, ఇంటిలోని నీడయు ఎక్కువైన కొలది దోషము పెరుగుచున్నది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున మొదటి తరగతి పిల్లలకు దినమునకు 40 నిమిషములు అదనముగా ఆరుబయట గడపు నేర్పాటు చేయగా, మూడేండ్లలో క్రొత్తగా దోషము సోకినవారు నూటికి 30.4; అట్లు చేయని పాఠశాలలలో 39.5. ఈ ఫలితములు 2015లో వెలువడినవి.

వానను నమ్మలేని రైతు చదువును నమ్ముచున్నాడు. పొలము తాకట్టు పెట్టియైనను బిడ్డను వసతిగృహమునకు పంపుచున్నాడు. అచ్చట తెల్లవారినది మొదలు రాత్రివఱకు నాలుగు గోడల నడుమ పుస్తకమే లోకము; సెలవులకు ఇల్లు చేరినచో చేతిలో ఫోను. చదువు మానుమని మే మనము. చదువు పేరిట కన్ను చెడగొట్టవలదని మాత్రమే మా మనవి.

ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కంటి వెలుగు పథకమును 2019 అక్టోబరు 10న అనంతపురముననే ఆరంభించి, మొదట బడిపిల్లల కన్నులను పరీక్షింప బూనుట ప్రశంసనీయము. కాని ఏటేట పెరుగు కంటికి ఒకసారి పరీక్ష చాలునా? ప్రతి సంవత్సరము జరుగవలయును. నల్లబల్లపై వ్రాత కనబడని బాలుని మందబుద్ధి యని దండించుటయు, పెండ్లి కాదను భయమున బాలికకు అద్దములు మాన్పించుటయు ఇకనైన నిలువవలయును.

దినమునకు రెండు గంటలు పిల్లలు బయట నుండవలయును. మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలుపుమని కాదు, ఉదయసాయంకాలములు చాలును. వేపచెట్టు నీడలోని వెలుతురు సైతము తరగతిగది వెలుతురునకు ఎన్నో రెట్లు. ఆటస్థలము లేని విద్యాలయమునకు అనుమతి నీయరాదు. నీటికై శతాబ్దములుగా అలమటించు సీమకు వెలుతురు లోటు లేదు. ఉన్న ఆ యొక్క సంపదను బిడ్డలకు దక్కనీయకుండుట మన చేతులార తెచ్చుకొను కఱవు.