రంపం మిషను ఆగిపోతే కూలి ఎవరు కోల్పోవాలి?

పోయిన నెల కశింకోట మండలంలో ఒక సరుగుడు తోటకు మేం వెళ్లేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఎనిమిది మంది మగవాళ్లు, ఆరుగురు ఆడవాళ్లు గట్టు మీద కూర్చుని ఉన్నారు. కత్తులు పక్కన పడేసి ఉన్నాయి. మధ్యలో గోనెసంచి మీద రంపం మిషను. తాడు లాగీ లాగీ ఒక కుర్రవాడి అరచేయి బొబ్బలెక్కింది. "ఇది సచ్చిపోనాది బాబూ, ఇంక లెగదు" అన్నాడు. గుత్తేదారు మనిషి అప్పటికే తీర్పు చెప్పేశాడు: మిషను మీ చేతిలో చెడింది, ఈ పూట కూలి లేదు, రిపేరు ఖర్చు టన్ను లెక్కలో విరగ్గోస్తాం.

మిషను చావలేదు. పెట్రోలు ట్యాంకులో గొట్టం చివర బొటనవేలంత ఫిల్టరు ఒకటి ఉంటుంది. అది జిగురుపట్టి మూసుకుపోయింది. తీసి మార్చడానికి పావుగంట పట్టింది. ఈ పావుగంట పని తెలియకపోవడం వల్ల పద్నాలుగు మంది పొట్ట మీద దెబ్బ పడబోయింది. అందుకే ఈ వారం ఈ శీర్షికలో భూమి సమస్యనో, కూలి రేట్ల జీవోనో కాక రంపం మిషను గురించి రాయదలిచాం. ఇదేమిటి, రైతుకూలీల పేజీలో మెకానిక్ పాఠం అనుకోవద్దు. చివరిదాకా చదవండి.

మన అనకాపల్లి ప్రాంతం అంటే చెరకు, బెల్లం. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ సహకార చక్కెర మిల్లులు మూతపడ్డాక చెరకు వేసే రైతు వెనక్కి తగ్గాడు. చెరకు పోయిన చేలో సరుగుడు, నీలగిరి లేచాయి. నాటితే నాలుగైదేళ్లు చూడక్కర్లేదు, కూలి ఖర్చు లేదు అని రైతు లెక్క. ఆ "కూలి ఖర్చు లేదు" అన్న మాటలోనే మన కూలీల పనిదినాలు కొట్టుకుపోయాయి. చెరకు ఉంటే నాట్లు, జడలు కట్టడం, నరుకుడు, గానుగ దగ్గర పని. సరుగుడుకి మిగిలింది నరుకుడు, బెరడు ఒలవడం, లారీకి ఎత్తడం. అదీ గుత్తేదారు చేతిలో, టన్ను లెక్కన.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. జీడిమామిడి, కొబ్బరి, మామిడి తోటలు నేలకొరిగాయి. రోడ్లకడ్డంగా పడ్డ మానులు కోయడానికి మిషన్లకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. మనవాళ్లు కొందరు పట్టడం నేర్చుకున్నది అప్పుడే. మళ్లీ 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు ఇక్కడి మిషన్లు అక్కడికి వెళ్లాయి. ఇవాళ మన ఊళ్లలో తిరుగుతున్న పాత సరుకులో చాలాభాగం ఇలా చేతులు మారి వచ్చిందే. ఎక్కువగా స్టిల్, హస్క్‌వార్నా రకాలు; వాటిలో స్టిల్ 070 మరీ పాత కాపు. 1960ల చివర్లో వచ్చిన నమూనా. 106 సీసీ ఇంజను, పది కేజీలు దాటే బరువు. దానికి చైనా నకళ్లు కూడా బజారులో ఉన్నాయి, కొనేవాళ్లు జాగ్రత్త.

మా కమిటీలోనే ఒక కామ్రేడు వాదించాడు: "మిషను వచ్చి మన పని తినేసింది, దాన్ని బాగుచేయడం మనం నేర్పడమేటి?" ఆ బాధలో నిజం ఉంది. పదిమంది గొడ్డళ్లతో చేసే పని ఇద్దరు మిషనుతో చేస్తున్నారు. అయితే మిషను మూలనపడితే ఆ పదిమందినీ ఎవరూ తిరిగి పిలవరు. గుత్తేదారు ఇంకో మిషను, ఇంకో ముఠా తెస్తాడు. ప్రశ్న మిషను ఉండాలా వద్దా అని కాదు, అది ఎవరి చేతిలో ఉంది, దాని గుట్టు ఎవరికి తెలుసు అన్నది. ఇది మా అభిప్రాయం. ఆ కామ్రేడు ఇంకా ఒప్పుకోలేదు.

ఇక గుట్టు సంగతి. ఇది రెండు స్ట్రోకుల ఇంజను. లూనా, పాత చేతక్, ఆర్ఎక్స్ 100 బాగుచేసిన మెకానిక్కులు మన పట్టణంలో ఇంకా ఉన్నారు. మందుకొట్టే పవర్ స్ప్రేయరు విప్పిన కూలివాడికి దీంట్లో సగం వచ్చినట్టే. అసలు తప్పు ఎక్కడ జరుగుతుందంటే, స్టార్ట్ కాలేదనగానే కార్బొరేటరు స్క్రూలు తిప్పేస్తారు. అవి ఆఖర్న ముట్టుకోవాల్సినవి. ముందు ప్లగ్గు విప్పండి. తడిసి ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పు రావడం లేదు, లేదా పెట్రోలు ఎక్కువై ముంచేసింది. ప్లగ్గు పొడిగా ఉంటే నిప్పు సంగతి తరవాత, పెట్రోలే రావడం లేదు. ఈ ఒక్క పరీక్షతో దారి రెండుగా చీలుతుంది. పెట్రోలు రాకపోతే ట్యాంకులో ఫిల్టరు, పగిలిన గొట్టం, ట్యాంకు గాలిరంధ్రం చూడాలి. గాలిరంధ్రం మూసుకుంటే పది నిమిషాలు నడిచి ఆగుతుంది, మూత వదులు చేస్తే మళ్లీ నడుస్తుంది. ఈ జబ్బుకి ఇంజను విప్పించుకుని డబ్బు పోసినవాళ్లను మేం చూశాం.

నిప్పు చూడాలంటే ప్లగ్గు ఒంటిని సిలిండరు రెక్కలకు ఆనించి తాడు లాగాలి. ప్లగ్గు కన్నానికి దూరంగా ఆనించండి, లోపలి ఆవిరి అంటుకుంటుంది. ప్లగ్గు సందు అరమిల్లీమీటరు ఉంటే చాలు. బాగా పాత మిషన్లలో ఫ్లైవీలు కింద పాయింట్లు ఉంటాయి, నెలల తరబడి మూలనపడితే వాటి మీద పొర కడుతుంది. శుభ్రమైన అట్టముక్క మధ్యలో పెట్టి లాగితే చాలాసార్లు నిప్పు తిరిగివస్తుంది.

నిప్పు ఉంది, పెట్రోలు ఉంది, అయినా లేవడం లేదంటే ఒత్తిడి చూడాలి. స్టార్టరు పిడి పట్టుకుని మిషనుని గాలిలో వేలాడదీయండి. మెట్టుమెట్టుగా నెమ్మదిగా దిగితే దానికి ఇంకా ఆయుష్షు ఉంది. గబుక్కున జారిపోతే సైలెన్సరు విప్పి ఆ కన్నంలోంచి పిస్టను చూడండి. నున్నగా ఉంటే రింగు అరిగి ఉండొచ్చు. నిలువుగీతలు పడి ఉంటే ఆయిలు లేక కాలింది, లేదా ఎక్కడినుంచో దొంగగాలి పీల్చి కాలింది. క్రాంకు ఆయిల్ సీళ్లు ఎండి పగిలితే వచ్చేది ఈ దొంగగాలే. గుర్తు ఏమిటంటే, యాక్సిలరేటరు వదిలినా ఇంజను వెంటనే దిగదు, ఏడుస్తున్నట్టు అరుస్తూనే ఉంటుంది. అప్పుడు స్క్రూ తిప్పి సర్దుకుపోవడం అంటే పిస్టనుకి పాడె కట్టడమే. సీళ్లు మార్చకుండా కొత్త పిస్టను వేసినా అదీ కాలుతుంది. పాత మిషను కొని బాగుచేసుకునేవాళ్లు ముందు సీళ్లు, గొట్టాలు, డయాఫ్రం మార్చి ఆ తరవాతే నడపాలి.

డయాఫ్రం అన్నాం కదా. స్కూటరు కార్బొరేటరుకి తేలే బొండు ఉంటుంది. దీనికి ఎటు తిప్పినా నడవాలి గనక బొండు బదులు పల్చటి పొర ఉంటుంది. అది గట్టిపడితే పెట్రోలు లాగదు. ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023లో మొదలై ఇప్పుడు దాదాపు ప్రతి బంకులోనూ అదే పోస్తున్నారు. ఇథనాల్ తేమ పీలుస్తుంది, పాతకాలపు రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. నీరు ఎక్కువైతే ఇథనాలు, నీరు కలిసి అడుగుకు చేరతాయి. ఫిల్టరు ఉండేది ఆ అడుగునే. చెరకు నుంచి తీసే సారా మన పెట్రోల్లో ఉంది, మన చెరకు మిల్లులకు మాత్రం తాళాలు! పని ముగిశాక ట్యాంకు వంపేసి, ఇంజను తనంతట ఆగేదాకా నడిపి పెట్టడం తప్ప ప్రస్తుతానికి కూలివాడికి వేరే ఉపాయం లేదు. కలిపిన పెట్రోలు వారాల తరబడి నిలవ ఉంచొద్దు.

ఆయిలు పాలు కూడా గొడవే. లీటరుకు 20 మిల్లీలీటర్లు పోస్తే 1:50, 40 పోస్తే 1:25. ఏ మిషనుకి ఏ పాలో దాని పుస్తకంలో ఉంటుంది. గుత్తేదారు మనిషి ఆయిలు మిగుల్చుకోవాలని చూస్తాడు. పిస్టను పట్టేస్తే మాత్రం "నువ్వే సరిగ్గా కలపలేదు" అంటాడు. అందుచేత సీసా మీద గీత పెట్టి, పదిమంది ఎదుట కలపాలి.

గొలుసు గురించి తక్కువ చెప్పినా సరిపోతుంది, కళ్లకే కనిపిస్తుంది. పొట్టు పెచ్చులుగా రాలితే పదును ఉంది, పిండిలా రాలితే మొండిపోయింది. మొండి గొలుసుని బలంగా నొక్కితే ఇంజను వేడెక్కుతుంది, బార్ అరుగుతుంది, మనిషి నడుం పోతుంది. 070 కి సాధారణంగా వేసే .404 గొలుసుకు 5.5 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి పడుతుంది. ఇంజను నెమ్మదిగా నడుస్తున్నప్పుడు గొలుసు తిరగకూడదు. తిరిగితే ఇంజను వేగం తగ్గించి చూడాలి, అప్పటికీ తిరుగుతుంటే క్లచ్చు స్ప్రింగులు అలిసిపోయాయన్నమాట. ఆ మిషను పట్టుకుని నడవడం తొడలు పణంగా పెట్టడమే.

ఇప్పుడు మాకు నిజంగా భయం వేసే మాట. పాత మిషను గట్టిది, ఇనుములాంటిది అని పొగిడేవాళ్లు చాలామంది. గట్టిదే. కాని 070 లాంటి వాటికి గొలుసు బ్రేకు లేదు, అదురు ఆపే రబ్బర్లు లేవు. బార్ ముక్కు పైమూల మానుకి తగిలితే మిషను ఎదురుతన్ని మొహం మీదకు లేస్తుంది. బ్రేకు ఉంటే ఆ క్షణంలో గొలుసు ఆగే అవకాశం ఉంది. లేకపోతే లేదు. బ్రేకు ఉండి విరిగిపోతే "పనికి అడ్డం" అని పీకేసిన మిషన్లు కూడా మేం చూశాం. అలాంటిదాన్ని బ్రేకు వేశాకే పనిలోకి దించాలి. అసలు బ్రేకే లేని పుట్టుకదాన్ని రోజు కూలిపనికి వాడకూడదన్నదే మా మాట, ఇంజను ఎంత బాగా నడుస్తున్నా సరే.

అదురు అంతకన్నా దొంగ శత్రువు. ఏళ్ల తరబడి పట్టిన చేతులకు రక్తం ఆడక వేళ్లు తెల్లబడతాయి, తిమ్మిరెక్కుతాయి, గుండీ పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. బ్రిటన్, స్వీడన్, జపాన్ అడవి కార్మికులలో ఈ జబ్బు 1960లలోనే బయటపడింది. జపాన్ ప్రభుత్వ అడవుల కార్మికులు సంఘం కట్టి పోరాడి, రోజుకు రెండు గంటలకు మించి మిషను పట్టించకూడదన్న నియమం సాధించుకున్నారు. మనవాడు పొద్దుట ఏడింటి నుంచి సాయంత్రం దాకా పడుతున్నాడు. చెవులకు దూది కూడా లేదు. ఆ మోత వంద డెసిబెల్స్ దాటుతుంది.

ఇక కూలి లెక్క. ఇప్పుడు టన్ను రేటులోనే మిషను, పెట్రోలు, గొలుసు, మనిషి అన్నీ కలిపేస్తున్నారు. మిషను కూలివాడిదైతే అరుగుదల అతని నెత్తిన, గుత్తేదారుదైతే చెడిపోయిన పూట కూలి అతని నెత్తిన. ఎటు చూసినా నష్టం ఒకరికే. మేం అడిగేది ఇది: మిషను అద్దె వేరు, కూలి వేరు. చెడితే నిలిచిన కాలానికి కనీసం సగం కూలి. మిషను పట్టే ఇద్దరూ గంటకోసారి మారాలి. మిషనుని ముఠా మొత్తం కలిసి కొనుక్కునే చోట, విడిభాగాలకు టన్నుకి ఇంత అని ముందే పక్కన పెట్టాలి.

ప్రమాదం జరిగితే "కలప పనికి పరిహారం లేదు" అని చెప్పే మాట నమ్మొద్దు. 1923 నాటి పరిహార చట్టం చెట్లు నరికే పనిని పేరుపెట్టి తన షెడ్యూలులో చేర్చింది. 2025 నవంబరులో ఆ చట్టాన్ని సామాజిక భద్రతా కోడ్‌లో కలిపేశారు. కోడ్‌లతో మనకున్న తగవు వేరే, అది ఇంకోసారి రాస్తాం. యజమాని పరిహారం చెల్లించాలన్న బాధ్యత మాత్రం పోలేదు. చిక్కల్లా రుజువు దగ్గర. అతను నా దగ్గర పనిచేయలేదు అంటాడు. కాబట్టి ముఠా మేస్త్రీ దగ్గర ఒక నోటుపుస్తకం ఉండాలి: ఏ తోట, ఏ రోజు, ఎవరెవరు, మిషను ఎవరిది, దానికి బ్రేకు ఉందా లేదా. చదువు రానివాళ్లు ఇంట్లో బడికెళ్లే పిల్ల చేత రాయించండి.

కశింకోట తోటలో ఆ పూట సంగతి ఇంకా తేలలేదు. ఫిల్టరు మార్చాక పని సాగింది, ముప్పావు కూలి ఇచ్చారు. మిగిలిన పావు, ఆరుగురు ఆడవాళ్లకు అసలు లెక్కే వేయని బెరడు కూలి, ఈ రెండిటి కోసం వచ్చే సోమవారం గుత్తేదారు ఇంటికి వెళుతున్నాం. నోటుపుస్తకం మొదటి పేజీలో ఆ రోజు తేదీ రాసే ఉంది.