ఆగలేదంటే తప్పు లేదని కాదు

కొంచెం పొడుగు పోస్టు. ఓపికగా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, చదవకుండా మాత్రం తిట్టొద్దు.

మన ఆదివారం కంప్యూటర్ క్లాసులో డిబగ్గర్ పాఠాలు నాలుగున్నాయి. వచ్చే ఏడాది నుంచి వాటిని తీసేసి, ఆ గంటల్లో బయోడేటా రాయడం, ఇంటర్వ్యూలో మాట్లాడటం నేర్పిద్దామని కమిటీలో మాట వచ్చింది. నేను ఒప్పుకోను. నాలుగు చాలవు, ఐదో పాఠం కూడా కావాలంటున్నాను. బ్రేక్‌పాయింట్‌కి మనం రాసిచ్చిన కమాండ్లు సరిగ్గా పనిచేస్తున్నాయా లేదా అని ముందు పరీక్షించి చూడటమే ఆ పాఠం.

"రైల్వేలో గుమాస్తా పని చేసినాయనకి ఇదంతా ఎందుకు?" అని కొందరు అడగొచ్చు. రిటైరయ్యాక ఆ క్లాసులోనే వెనక బెంచీలో పిల్లకాయలతో కూర్చుని నేర్చుకున్నాను. నా చదువు తమిళ మీడియం, తెలుగు అక్షరాలు కూడా పెద్దయ్యాక దిద్దినవే. ఆలస్యంగా నేర్చినవాడు దేన్నయినా రెండుసార్లు సరిచూస్తాడు.

తెలియని పెద్దల కోసం రెండు ముక్కలు. ప్రోగ్రాం నడిచేటప్పుడు రెప్పపాటులో లక్షల పనులు జరిగిపోతాయి. ఎక్కడ తప్పు జరిగిందో కంటికి కనపడదు. ఫలానా లైను దగ్గర ఆగు అని పెట్టే గుర్తు బ్రేక్‌పాయింట్. మన పిల్లలు వాడేది జీడీబీ. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో మొదలుపెట్టింది, ఉచితంగా దొరుకుతుంది. అందులో ఆగమని చెప్పడమే కాదు, "ఇక్కడికి రాగానే ఈ అంకె చూపించు, తర్వాత నువ్వే ముందుకు పో" అని కమాండ్ల పట్టీ కూడా తగిలించొచ్చు. "ఫలానా అంకె ఇంత అయితేనే ఆగు" అని షరతు కూడా పెట్టొచ్చు.

రైల్వే వాళ్లకి ఇది కొత్త కాదు. పట్టాల మీద డిటొనేటర్ పెడతాం, ఇంజను చక్రం ఎక్కగానే పేలుతుంది, డ్రైవరు బండిని అదుపులోకి తెచ్చుకుంటాడు. దారి మధ్యలో ఆగిపోయిన బండిని కాపాడటానికి బ్రాడ్ గేజిలో 600 మీటర్ల దూరంలో ఒకటి, 1200 మీటర్ల దూరంలో పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలని రూలు. వాటి మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. పాతవి ముందు వాడాలి, వయసు దాటినవాటిని పరీక్షించకుండా వాడకూడదు. ఇంత జాగ్రత్త ఎందుకు? పేలని డిటొనేటర్ డ్రైవరుకి "ముందు దారి ఖాళీ" అని చెప్తుంది. చప్పుడు లేకపోవడం కూడా ఒక కబురే. ఆ కబురు అబద్ధమైతే ప్రాణాలు పోతాయి.

ఇప్పుడు మన ఇంట్లో జరిగింది చెప్తాను. పేర్లు రాయను, అందరూ మన పిల్లలే.

చదువుల సాయం నిధి లెక్కలకి క్లాసు పిల్లలు సీ భాషలో ప్రోగ్రాం రాశారు. బాకీ ఉన్న కొందరు సభ్యులకి సున్నా బాకీ అని చూపించింది. తప్పు ప్రోగ్రాంలో ఉందా, పాత నోటుపుస్తకాల నుంచి అంకెలు ఎక్కించడంలో ఉందా? పిల్లలు ఒక బ్రేక్‌పాయింట్ పెట్టారు: సభ్యుడు కట్టిన డబ్బు తీసివేసిన వెంటనే, బాకీ సున్నా అయితే ఆగు. నడిపారు. ఒక్కసారి కూడా ఆగలేదు. "తీసివేతలో సున్నా రావడం లేదు, కాబట్టి ప్రోగ్రాం సరిగ్గానే ఉంది, ఎక్కించినవాళ్లదే పొరపాటు" అని తేల్చేశారు. రెండు నెలలు సాయంకాలాలు కూర్చుని ఆ అంకెలన్నీ ఎక్కించిన అమ్మాయి మీద నింద పడింది. నేను అనుమానంగా అడిగితే ఒక కుర్రాడు, "జీడీబీ అబద్ధం చెప్పదు తాతా" అన్నాడు.

జీడీబీ అబద్ధం చెప్పలేదు నాయనా. నువ్వు రాసిన షరతే తప్పు.

సీ భాషలో ఈక్వల్ గుర్తు రెండుసార్లు రాస్తే "పోల్చి చూడు" అని అర్థం. ఒక్కసారే రాస్తే "ఆ విలువ పెట్టేయ్" అని అర్థం. జీడీబీ షరతులోనూ అంతే. పిల్లలు ఒక్క గుర్తే రాశారు. తీసివేత జరిగిన ప్రతిసారీ జీడీబీ ఆ సభ్యుడి బాకీలో తానే సున్నా పెట్టింది. ఆ సున్నానే షరతు ఫలితంగా తీసుకుంది. సున్నా అంటే "కాదు" అని లెక్క, కాబట్టి ఆగలేదు. తప్పు పట్టడానికి పెట్టిన కాపలా తానే లెక్కలు చెరిపేస్తూ పోయింది. కంచే చేను మేస్తే అని మనం అంటాం, తమిళంలో వేలియే పయిరై మేయ్‌న్దాల్ అంటారు. రెండు భాషల్లోనూ పెద్దలు మనకి ముందే చెప్పిపెట్టారు.

ఇంకో సంగతి చూడండి. బాకీ నిజంగా మొత్తం కట్టేసిన సభ్యులు కూడా ఆ జాబితాలో ఉన్నారు. బ్రేక్‌పాయింట్ సరైనదైతే వాళ్ల దగ్గరైనా ఆగాలి గదా? ఒక్కసారి కూడా ఆగలేదంటే చెడింది బ్రేక్‌పాయింటే అని అప్పుడే తెలియాలి. ఆగాల్సిన చోట ఆగుతుందా అని ఎవరూ పరీక్షించలేదు. ఆగకపోవడాన్ని మాత్రం సాక్ష్యంగా తీసుకున్నారు.

ఆ అమ్మాయి నోటుపుస్తకాలన్నీ మళ్లీ ముందేసుకుని ఒక్కో అంకె సరిచూసింది. ఒక్క తప్పు లేదు. తర్వాత మాస్టారు ఆ ఈక్వల్ గుర్తు కనిపెట్టారు. షరతు సరిచేసి నడిపితే వెంటనే ఆగింది. రెండు విడతలుగా కట్టినవాళ్ల రెండో విడతని ప్రోగ్రాం పూర్తి చెల్లింపుగా లెక్కవేస్తోంది. తప్పు తీసివేతలోనే ఉంది. కానీ కమిటీ మినిట్స్‌లో "ఎక్కించడంలో పొరపాటు" అని రాసిన వాక్యం ఈరోజుకీ అలాగే ఉంది.

ఇది ఒక్క గుర్తుతో పోయే కథ కాదు. జీడీబీ కమాండ్లలో ఇలాంటి గుంటలు ఇంకా ఉన్నాయి. నంబరు చెప్పకుండా కమాండ్లు రాస్తే, అవి ఆఖరున పెట్టిన బ్రేక్‌పాయింట్‌కి అతుక్కుంటాయి, మనం మనసులో అనుకున్నదానికి కాదు. పట్టీ మధ్యలో కంటిన్యూ అని రాస్తే, దాని కింద రాసినవన్నీ వదిలేస్తుంది. సైలెంట్ అని మొదట రాసి, తర్వాత ఏదీ చూపించమని చెప్పకుండా కంటిన్యూ అంటే, బ్రేక్‌పాయింట్ వెయ్యిసార్లు తగిలినా తెర మీద ఒక్క అక్షరం రాదు. ఇవన్నీ జీడీబీ మాన్యువల్లో రాసే ఉన్నాయి. కానీ చదివి గుర్తుపెట్టుకోవడం వేరు, చేతితో చేసి చూడటం వేరు.

చేసి చూడటానికి ఎంతసేపు పడుతుంది? జవాబు ముందే తెలిసిన చిన్న ప్రోగ్రాం తీసుకోండి. 6 ఫాక్టోరియల్ లెక్కవేసేది, తనను తానే పిలుచుకుంటూ పోయేది. జవాబు 720. ఆ ఫంక్షన్ మీద బ్రేక్‌పాయింట్ పెట్టి, విలువ చూపించి ముందుకు పొమ్మని కమాండ్లు రాస్తే 6, 5, 4, 3, 2, 1 అని వరసగా రావాలి. చివర్లో ఇన్ఫో బ్రేక్‌పాయింట్స్ అని అడిగితే ఆరుసార్లు తగిలిందని చెప్పాలి. విలువ 3 అయితేనే ఆగు అంటే ఒక్కసారే ఆగాలి. అక్కడ ఒక్క ఈక్వల్ గుర్తు రాశారా, ఎన్నిసార్లు ముందుకు పొమ్మన్నా 3 దగ్గరే ఆగుతుంది, లెక్క ముగియనే ముగియదు. రెండు నిమిషాల్లో తప్పు బయటపడుతుంది. ఆ రెండు నిమిషాలు ఖర్చుపెట్టి ఉంటే ఒక ఆడపిల్ల మీద నింద పడేది కాదు.

"అంత పెద్ద జీడీబీని మనం పరీక్షించాలా?" అని ఒకరు నవ్వారు. దాన్ని తయారుచేసేవాళ్లే దాన్ని నమ్మరు అయ్యా. డెజాగ్ను అనే పద్ధతిలో వేలకొద్దీ పరీక్షలు రాసిపెట్టుకున్నారు. ఒక్క బ్రేక్‌పాయింట్ కమాండ్ల కోసమే వేరే ఫైలు ఉంది. అందులోనూ ఫాక్టోరియల్ ప్రోగ్రామే వాడతారు. బ్రేక్‌పాయింట్ తన కమాండ్లలోనే తనను తాను తీసేసుకుంటే ఏమవుతుంది? ఒక్కసారికే పెట్టిన బ్రేక్‌పాయింట్ తొలగిపోయాక కూడా దాని కమాండ్లు నడుస్తాయా? ఇవన్నీ పరీక్షిస్తారు. చేసినవాళ్లకే అంత అనుమానం ఉంటే, వాడే మనకి ఇంత నమ్మకం ఎక్కడిది? పైగా వాళ్లు పరీక్షించేది వాళ్ల జీడీబీని. మన పిల్లలు రాసిన నాలుగు లైన్లని పరీక్షించాల్సింది మన పిల్లలే.

ఇంక కమిటీలో వచ్చిన మాటలకి జవాబు.

"మధ్యమధ్య ప్రింట్ పెట్టి చూస్తే చాలు." చిన్నదానికి చాలు, కాదనను. కానీ ప్రతిసారీ ప్రోగ్రాం మార్చి మళ్లీ కంపైల్ చేయాలి. పని అయ్యాక తీయడం మరిచిపోతే అది రసీదులో కూడా అచ్చవుతుంది.

"ఇప్పుడు ఏఐ ప్రోగ్రాం రాసిస్తుంది." రాసివ్వనీ. రాసింది తానే కాని మనిషి, అది సరైనదో కాదో ఎలా తేల్చుకోవాలి? తనిఖీ నేర్చినవాడికి రేపు పని ఎక్కువవుతుంది, తగ్గదు.

"పిల్లలకి ఉద్యోగం ముఖ్యం." నాకూ ముఖ్యమే. హోసూరు, కోయంబత్తూరు, చెన్నై ఎక్కడికి పోయినా మన పిల్లల్ని తెలుగు ఇంటివాళ్లని చూసి ఎవరూ పనిలో పెట్టుకోరు. బయోడేటా ఒక సాయంత్రం కూర్చుంటే రాయొచ్చు. "నేను పెట్టిన పరీక్షని నేనే పరీక్షించాను" అని చెప్పగలగడం అలవాటుతోనే వస్తుంది.

నేను అడుగుతున్నవి మూడు.

ఒకటి, డిబగ్గర్ పాఠాలు ఉండాలి, ఐదోది చేర్చాలి. బయోడేటాకి వేరే ఆదివారం పెట్టండి, నేను వచ్చి బెంచీలు సర్దుతాను.

రెండు, సంఘం డబ్బు లెక్కల ప్రోగ్రాంలో తప్పు లేదని ఎవరు చెప్పినా, ఆగాల్సిన చోట ఆగిందని ముందు చూపించాలి. ఆగలేదు అనే మాట ఒక్కటే చెల్లదు.

మూడు, మినిట్స్‌లో ఆ వాక్యం కొట్టేసి, తప్పు ప్రోగ్రాంలో ఉందని రాయాలి. నోటి మాటగా "పోనీలేమ్మా" అంటే సరిపోదు. నింద రాతలో ఉంది, దిద్దడం కూడా రాతలోనే ఉండాలి.

వచ్చే కమిటీ మీటింగులో ఈ మూడూ లేవనెత్తుతాను. ఒప్పుకునేవాళ్లు కింద మీ సభ్యత్వ నంబరు రాయండి. ఒప్పుకోనివాళ్లు కారణం రాయండి, జవాబు చెప్తాను.